జపాన్ చెక్క అచ్చుల్లో నీలం: ఆకాశం మధ్యలో గీత పడకుండా రంగు ఎలా కరిగించాలి?

వంశధార_గట్టు (శ్రీకాకుళం)

నమస్కారమండీ. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోటుని జపాన్ పద్ధతిలో చెక్క మీద చెక్కి, నీటి రంగుతో అచ్చు వేస్తున్నాం. సైజు 25 × 37 సెంటీమీటర్లు. 19వ శతాబ్దపు జపాన్ చిత్రకారులు హొకుసాయ్, హిరోషిగేల ప్రకృతి దృశ్యాల్లో ఆకాశం పై అంచున చిక్కటి నీలంగా మొదలై, కిందికి దిగేసరికి ఎక్కడ ఆగిందో తెలియకుండా కాగితం తెలుపులో కలిసిపోతుంది. కావలసింది ఆ నీలం.

గుమ్మడి టేకు పలక, ట్యూబులో వచ్చే ప్రష్యన్ బ్లూ వాటర్ కలర్, కాస్త మీగడ రంగున్న కోజో కాగితం (జపాన్ వాళ్లు మల్బరీ జాతి చెట్టు నారతో చేసేది) వాడుతున్నాం. బ్రష్షు రెండంగుళాలది. నీలం సగానికి వచ్చేసరికి అడ్డంగా గట్టి గీత పడుతోంది. ముదురు భాగంలో నువ్వులు చల్లినట్టు తెల్లటి చుక్కలు. లేత భాగం పచ్చగా, మొత్తం మీద రంగు జీవం లేకుండా ఉంది. ఇది కాక, సున్నం వేసిన గోడకి తగిలించిన ఒక ప్రింటు మీద ఈ వానలకి గోధుమరంగు మచ్చలు వచ్చాయి.

బట్టలకి పెట్టే నీలం పొడి వాడొచ్చా? అసలు ఆ రోజుల్లో వాడింది నీలిమందే కదా అని కూడా కొందరంటున్నారు. వివరంగా చెప్పగలరు.

---

చెక్కా_ఉలీ (విజయనగరం)

ముందు రంగు సంగతి. ఆ ఆకాశాల్లో ఉన్నది ప్రష్యన్ బ్లూనే. 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో తయారైన రంగది. జపాన్ వాళ్లు దాన్ని ‘బెరో ఆయ్’ అన్నారు, అంటే బెర్లిన్ నీలం. నాగసాకి రేవు ద్వారా డచ్చి వాళ్లు తెచ్చారు, చైనా ఓడల మీదా వచ్చింది. మొదట్లో ఖరీదు ఎక్కువ కాబట్టి అచ్చు బొమ్మల దాకా రాలేదు. 1820ల చివర్లో ధర దిగాక ప్రచురణకర్తలు అందుకున్నారు. 1829లో కెయ్‌సాయ్ ఎయ్‌సెన్ ఒక్క నీలంతోనే విసనకర్ర బొమ్మలు వేశాడు. 1830 ప్రాంతంలో నిషిమురాయా యొహాచీ అనే ప్రచురణకర్త హొకుసాయ్ ఫ్యూజీ దృశ్యాలు మొదలుపెట్టాడు. పేరుకి 36 దృశ్యాలు, అమ్మకం బాగుండి ఇంకో 10 కలిపితే 46 అయ్యాయి. మొదటి 36కి గీతలు నీలంలో వేశారు, తర్వాతి 10కి నల్ల సిరాలో. ఎదో (ఇప్పటి టోక్యో) నుంచి క్యోటో వెళ్లే తొకాయ్‌దో దారి మీద హిరోషిగే వేసిన బొమ్మలు ఆ తర్వాత, 1833–34 ప్రాంతంవి.

అంతకు ముందు వాళ్లకున్న నీలాలు రెండు. ఒకటి త్సుయుకుసా పూల రసం. మన పొలం గట్ల మీద చిన్న నీలం పూలు పూసే కలుపు మొక్క ఉంటుంది చూడండి, ఆ కుటుంబమే. అందమైన రంగే గానీ నీటిచుక్క పడితే పోతుంది, ఎండకీ పోతుంది. ఇప్పుడు పాత బొమ్మల్లో అది బూడిదగానో పసుపుగానో మిగిలి ఉంటుంది. రెండోది నీలిమందు. గట్టిదే, కానీ పొడి రేణువు ముతక, రంగు కొంచెం మసక. తడి చెక్క మీద పల్చగా కరిగించి తెలుపు దాకా దింపాలంటే రెండూ ఇబ్బందే. ప్రష్యన్ బ్లూ రేణువు చాలా సన్నం, బలం చాలా ఎక్కువ. చిటికెడు రంగు నల్లగా కనిపించే ముదురు నుంచి పాలల్లో కలిపినంత లేత దాకా సాగుతుంది. ఆకాశమూ నీళ్లూ ప్రధానంగా ఉండే దృశ్యాలు అంత జోరుగా రావడానికి ఈ రంగు పెద్ద కారణం.

మీ రంగుకి జీవం లేకపోవడానికి ట్యూబే కారణం అనిపిస్తోంది. ట్యూబు వాటర్ కలర్‌లో తుమ్మజిగురు ఎక్కువ. దానికి మీరు గంజి కూడా కలుపుతారు. రంగు కాగితంలోకి దిగకుండా పైనే పొరలా నిలబడుతుంది. పొడి తెచ్చుకుని నూరుకోండి. కొనేటప్పుడు మీద పీబీ 27 (ప్రష్యన్ బ్లూ రంగుపొడి గుర్తు సంఖ్య) అని ఉందో లేదో చూడండి. పీబీ 15 ఉంటే అది థాలో బ్లూ అనే వేరే నీలం, పేరు ప్రష్యన్ అనున్నా సరే.

నూరడం: 10 గ్రాముల పొడి గాజు పలక మీద పోసి, ఒక చెంచా సర్జికల్ స్పిరిట్ చుక్కలుగా వేయండి. ఇది తప్పనిసరి, ఎందుకంటే ఈ పొడి నీటిని తొందరగా పట్టదు, ఉండలు కట్టి పైన తేలుతుంది. స్పిరిట్‌తో ముద్దయ్యాక 30 మిల్లీలీటర్ల నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ, అడుగు చదునుగా ఉన్న గాజు రుబ్బుడుగుండుతో ఓ ఇరవై నిమిషాలు నూరాలి. వేళ్ల మధ్య రాస్తే ఇసుక తగలకూడదు. పొందూరు సన్న ఖాదీ ముక్కలో వడకట్టి చిన్న సీసాలో పోసుకుంటే ఈ సైజు ఆకాశాలు చాలా వస్తాయి. వాడే ముందు సీసా కుదపండి, అడుగున దిగుతుంది.

బట్టల నీలం పొడి అల్ట్రామెరీన్, వేరే పదార్థం. దీనికి వద్దు. ఊదా చాయ ఉంటుంది, రేణువు ముతకగా ఉండి కాగితం మీదే ఆగిపోతుంది. పైగా రంగు వెనక్కి దిగకుండా పటిక–బంక పట్టించిన కాగితంలో ఆమ్లం ఉంటుంది, అల్ట్రామెరీన్ ఆమ్లానికి ఆగదు. బాటిల్లో ద్రవంగా వచ్చే బట్టల నీలం అయితే అసలు వద్దు, అది అద్దకం రంగు, వెలుతురుకి నిలవదు.

---

పటికా_గంజీ (బొబ్బిలి)

పై మాస్టారు రంగు గురించి చెప్పినదంతా సరే. కానీ అడ్డగీతకి కారణం రంగు కాదు, నీళ్లు. రంగు ఎక్కడ ఆగాలో పలక మీదున్న తడి నిర్ణయిస్తుంది. రంగుని ఇలా కరిగించడాన్ని ‘బొకాషి’ అంటారు. మీరు చెప్పేది తుడుపు బొకాషి. పలక మీద చెక్కుడేమీ ఉండదు, చదును చెక్కే. ఆ కరుగుదల అంతా ప్రతి కాగితానికీ కొత్తగా బ్రష్షుతోనే చేస్తారు. హొకుసాయ్ బొమ్మ గీశాడంతే. చెక్కినవాడు వేరు, అచ్చు వేసినవాడు వేరు. అందుకే ఒకే బొమ్మ రెండు ప్రతుల్లో ఆకాశం రెండు రకాలుగా ఉంటుంది.

ముందు రోజు సాయంత్రం పలకని రెండువైపులా తడిపి, తడి గుడ్డ చుట్టి ఉంచండి. ఒకవైపే తడిపితే దోనెలా వంగుతుంది, కాగితం ఆనించే గాడి (కెంతో) అర మిల్లీమీటరు తప్పినా దిగంతం గీత చెడుతుంది. పొడి పలక మీద ఎంత నేర్పుగా పూసినా రంగు తాకిన చోటే చెక్క పీల్చేసుకుంటుంది. మీ గీత అక్కడ పుట్టిందే.

అచ్చు వేసేటప్పుడు ఇలా. పిండిన గుడ్డతో నీలం కరగాల్సిన భాగమంతా, ఇంకా రెండంగుళాలు కిందికి కూడా తుడవండి. చెక్క మెరవాలి, నీళ్లు నిలవకూడదు. పక్కనుంచి వెలుతురులో చూస్తే ఎక్కడైనా బొట్టు కనిపిస్తే దాన్ని తీసేయండి. పై అంచు పొడవునా రంగు మూడు నాలుగు చోట్ల పెట్టి, పక్కనే మినపగింజంత గంజి రెండు చోట్ల పెట్టండి. బ్రష్షు మొత్తం తడిపి, విదిలించి, ఒక మూల మాత్రమే రంగులో తాకించండి. రంగున్న మూల ఎప్పుడూ పై అంచువైపు, నీళ్లున్న మూల ఎప్పుడూ కిందివైపు. ఇది ఒక్కసారి తారుమారైతే ఆ కాగితం పోయినట్టే. ఇక ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి, పలక ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆపకుండా లాగండి. మధ్యలో బ్రష్షు ఎత్తితే ఎత్తిన చోట మచ్చ. ప్రతి రెండు లాగుళ్లకి ఓ అర సెంటీమీటరు కిందికి జరపండి. చివరి నాలుగైదు సార్లు బరువు లేకుండా, వెంట్రుకల కొస తగిలీ తగలనట్టు.

రెండంగుళాల బ్రష్షు చాలదండీ. కరుగుదల ఎంత వెడల్పు ఉండాలో బ్రష్షూ అంత ఉండాలి, మీ ఆకాశానికి నాలుగంగుళాలైనా కావాలి. బూట్లకి పాలిష్ పెట్టే గుర్రపు వెంట్రుక బ్రష్షు కొని కొసలు సన్నం చేసుకోవచ్చు. జపాన్‌లో కొసలు వేడి ఇనుము మీద కాస్త కమర్చి, ఎండిన సొరచేప తోలు మీద తోముతారు. 120 నంబరు ఉప్పుకాగితం తడిపి దాని మీద పది నిమిషాలు తోమినా సరిపోతుంది. కొసలు చీలి బుగ్గకి మెత్తగా తగలాలి.

ముఖ్యమైన మాట ఇంకోటి. ఆ ముదురు ఒక్క అచ్చుతో రాదు. మొదటి అచ్చు లేతగా, ఆకాశం సగం దాకా. రెండోది అదే కాగితం మీద అదే గాడిలో, ముదురుగా, పైన రెండంగుళాలే. పై అంచున అంగుళం వెడల్పున తిన్నగా పట్టీలా కనిపించేది మూడోది. దాన్ని ‘ఇచిమొంజి’ అంటారు, హిరోషిగే బొమ్మల్లో తరచూ కనిపిస్తుంది. ఒకేసారి ముదురు రప్పించాలని రంగు చిక్కగా పూస్తే అంచు కరగదు, గీతే మిగులుతుంది. హొకుసాయ్ ఫ్యూజీ దృశ్యాల్లోని ‘పెద్ద అల’ బొమ్మలో కూడా లేత నీలం మీద ముదురు నీలం రెండోసారి పడ్డ చోటే ఆ లోతు.

నువ్వుల చుక్కలకి జపాన్‌లో కూడా నువ్వుల పేరే, ‘గొమా’ అంటారు. గంజి తక్కువైనా, కాగితం ఆరిపోయినా, ఒత్తిడి చాలకపోయినా వస్తాయి. ముందు కాగితం చూడండి. చెంపకి ఆనిస్తే చల్లగా ఉండాలి, తడి అంటకూడదు. కాగితం సరిగ్గానే ఉంటే గంజి ఇంకో మినపగింజంత పెంచండి. మరీ పెంచితే రంగు జారి అంచుల్లో గుట్టపడుతుంది. గంజికి ఒక వంతు బియ్యప్పిండి, ఐదు వంతుల నీళ్లు, సన్న మంట మీద గాజులా మెరిసేదాకా కలపాలి. ఉప్పు వేయొద్దు. ఏ రోజుది ఆ రోజే, మన వాతావరణంలో రెండో రోజుకి పులుస్తుంది.

మొదటి నాలుగైదు కాగితాలు ఎలాగూ బాగోవు. చెక్క రంగు తాగాలి. వాటికి మామూలు కాగితం వాడండి.

---

వంశధార_గట్టు (శ్రీకాకుళం)

చాలా ఉపయోగం అండీ. నీళ్లున్న మూల, రంగున్న మూల సంగతి తెలియక బ్రష్షు మొత్తం రంగులోనే ముంచుతున్నాం. రెండు అనుమానాలు. కాగితానికి పట్టించే పటిక, బంక పాళ్లు ఎంత? గోడ మీది ప్రింటుకి మచ్చలు తేమ వల్లనా, రంగు నాసిరకమా?

---

నీలం_రసాయనం (శ్రీకాకుళం)

రంగు మంచిదే. గోడ వల్ల వచ్చింది. ప్రష్యన్ బ్లూ ఇనుము–సయనైడ్ సమ్మేళనం. క్షారం తగిలితే విడిపోయి, ఇనుము తుప్పులాంటి గోధుమరంగు పదార్థంగా మిగులుతుంది. సున్నం క్షారమే. వానాకాలంలో గోడ చెమర్చినప్పుడు ఆ తడి సున్నాన్ని ఫ్రేమ్ వెనక అట్టలోకి, అక్కడి నుంచి కాగితంలోకి మోసుకొస్తుంది. మచ్చలు వెనకవైపు నుంచి మొదలయ్యాయేమో తిప్పి చూడండి, సున్నమే అయితే అక్కడ ఎక్కువగా ఉంటాయి. పోయిన రంగు మళ్లీ రాదు. ఇకముందు ఫ్రేమ్ నాలుగు మూలలా వెనక సెంటీమీటరు మందం కార్కు ముక్కలు అంటించి గోడకి ఖాళీ వదలండి. బొమ్మ మీద సబ్బు గానీ చాకలి సోడా గానీ తగిలిన చెయ్యి పెట్టొద్దు.

దీనికి సరిగ్గా ఎదురు గుణం అల్ట్రామెరీన్‌ది. ఆమ్లానికి తెల్లబోతుంది, సున్నానికి చెక్కు చెదరదు. వెల్లకి వేసే సున్నంలో నీలం కలిపేది అందుకే. ఒకదానికి గోడ సొంతిల్లు, ఇంకోదానికి విషం.

ఈ గుణంతోనే మీ దగ్గరున్న ట్యూబుని ఇంట్లో పరీక్షించొచ్చు. తెల్ల కాగితం మీద రంగు పల్చగా పూసి ఆరనిచ్చి, చాకలి సోడా చిక్కగా కలిపిన నీటిబొట్టు ఒకటి పెట్టండి. బొట్టు కింద గోధుమరంగుకి తిరిగితే ప్రష్యన్. కదలకుండా నీలంగానే ఉంటే థాలో గానీ నీలిమందు గానీ. రెండూ కలిపిన ట్యూబు అయితే సగం మారి మురికి ఆకుపచ్చగా ఆగుతుంది.

కాగితం కొనేటప్పుడు ‘బఫర్డ్’ అని ఉంటే మానేయండి. పసుపు బారకుండా అందులో కాల్షియం కార్బొనేట్ కలుపుతారు. కాగితానికి అది మేలే గానీ, అదీ క్షారమే కాబట్టి ఈ నీలానికి కీడు. దాచిపెట్టే పెట్టెలకీ ఇదే వర్తిస్తుంది.

వెలుతురు సంగతి కూడా చెప్పాలి. ఎండ పడే చోట ప్రష్యన్ బ్లూ వెలుస్తుంది, లేత భాగం ముందు. తెల్ల రంగు కలిపి లేత చేసినదైతే ఇంకా తొందరగా. అందుకని లేతకి నీళ్లే కలపండి, తెలుపు కలపొద్దు. చీకట్లో గాలి తగిలేలా కొన్నాళ్లు ఉంచితే వెలిసిన రంగు కొంతవరకు తిరిగి వస్తుంది. ఇలా తిరిగొచ్చే గుణం చాలా రంగులకి ఉండదు. నాలుగు నెలలు గోడ మీద, నాలుగు నెలలు అట్టపెట్టెలో మార్చుకుంటూ ఉంటే మంచిది.

లేత భాగం పచ్చగా కనిపించడం ఈ రంగు స్వభావం కొంత, మీ కాగితం మీగడ రంగు కొంత. పల్చటి నీలం కింద పసుపు చాయ ఉంటే కంటికి ఆకుపచ్చే. తెల్లటి కాగితం మార్చండి. ఎరుపు కలిపి సరిచేయాలని చూడకండి, బూడిదవుతుంది.

పటిక–బంక పాళ్లు: లీటరు నీటికి 15 గ్రాముల జెలటిన్, 5 గ్రాముల పటిక. వడ్రంగి వాడే వజ్రం బంక కూడా జంతు బంకే గానీ గోధుమరంగు దిగుతుంది, ఆకాశానికి పనికిరాదు. జెలటిన్ చల్లటి నీళ్లలో నానబెట్టి, నీటి తొట్టిలో గిన్నె పెట్టి వేడి చేసి కరిగించాలి, మరగకూడదు. పటిక విడిగా కరిగించి చివర్లో పోయాలి. గోరువెచ్చగా ఉండగానే వెడల్పు బ్రష్షుతో ఒకే దిక్కున పూసి దండెం మీద ఆరవేయండి. వాన రోజు పూస్తే ఆరదు, మబ్బు లేని పొద్దు చూసుకోండి. పటిక పెంచితే కాగితం కొన్నేళ్లకి పెళుసై విరుగుతుంది. తగ్గిస్తే రంగు వెనక్కి దిగి ఆకాశం మసకబారుతుంది.

---

నూలు_నీలి (పొందూరు)

నీలిమందుని అంత తేలిగ్గా పక్కన పెట్టకండి. పెద్ద అల బొమ్మ గీతల్లో ప్రష్యన్ బ్లూతో పాటు నీలిమందు కూడా ఉందని న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం పరీక్షల్లో తేలింది. అంటే కొత్త నీలం వచ్చాక కూడా పాతది వదల్లేదు, దేని చోటు దానికుంది. గీతకి ప్రష్యన్ ఒక్కటే వేస్తే పక్కనున్న ముదురు నీలంలో కలిసి మాయమవుతుంది. నీలిమందు కలిపిన గీత కాస్త నలుపు తిరిగి, నీలం పక్కన నీలంగానే విడిగా నిలుస్తుంది.

అద్దకం తొట్టిలో నీళ్లు పనికిరావు, అందులో క్షారం ఉంటుంది. అది ప్రష్యన్‌తో కలిస్తే పైన చెప్పిన గోధుమరంగే. తొట్టి మీద కట్టే నీలం నురుగు తీసి, మంచినీళ్లతో ఐదారుసార్లు కడిగి, పలుచటి వెనిగర్‌తో ఒకసారి, మళ్లీ నీళ్లతో ఒకసారి కడిగి ఆరబెట్టి నూరుకోండి. జపాన్‌లో అయితే నీలి అద్దిన పాత గుడ్డ పేలికల నుంచి రంగు తిరిగి లాగి బొమ్మలకి వాడేవారు. గీతకి రెండు వంతుల నీలిమందు, ఒక వంతు ప్రష్యన్ చూడండి. కళింగపట్నం లైట్‌హౌస్, దూరపు పడవల తెరచాపల అంచులు దీంతో వేస్తే బాగుంటుంది.

ఒక ముచ్చట. ఏటికొప్పాక బొమ్మలకి వాడే అంకుడు చెట్టు ఆకుల్లోంచి కూడా నీలి దిగుతుంది. ఆ కర్ర పొర సన్నం, ఉలికి వెన్నలా లొంగుతుంది. లైట్‌హౌస్ లాంటి చిన్న పనికి గుమ్మడి టేకు కంటే మేలు.

---

చెక్కా_ఉలీ (విజయనగరం)

నీలిమందు గీత విషయంలో మీరన్నది నిజం, ఒప్పుకుంటున్నాను. ఆకాశానికి మాత్రం కలపొద్దనే నా మాట. నీలిమందు రేణువు ముతక కాబట్టి తడిలో ప్రష్యన్ ముందుకి పోతుంది, ఇది వెనకబడుతుంది, కరుగుదలలో రెండు అంచులు కనిపిస్తాయి.

అంకుడు కర్ర గీతల పలకకి బాగుంటుంది, కానీ మాను సన్నం, 25 సెంటీమీటర్ల వెడల్పు పలక ఒకే ముక్కలో దొరకదు. అతికితే ఆ అతుకు ఆకాశంలో గీతగా అచ్చవుతుంది. కాబట్టి గీతల్లో చిన్న భాగాలకి అంకుడు, ఆకాశానికి గుమ్మడి టేకే ఉంచండి. పొర అడ్డంగా, దిగంతానికి సమాంతరంగా ఉండేలా పలక కోయించండి. అప్పుడు పొర గుర్తు పడినా పల్చటి మబ్బులా కలిసిపోతుంది. నిలువు పొర అయితే వాన చారలే. జపాన్‌లో కొండచెర్రీ కర్ర వాడతారు, దాని పొర ఇంకా బిగువు. మామూలు టేకు మాత్రం వద్దు, గీట్లు లోతు, నూనె గుణం వల్ల నీటి రంగు సమంగా పట్టదు.

---

వంశధార_గట్టు (శ్రీకాకుళం)

చివరిది. వానల్లో ఒకలా, వేసవిలో ఒకలా వస్తోంది. కాగితం తడి ఎలా నిలబెట్టాలి?

---

పటికా_గంజీ (బొబ్బిలి)

ముందు రోజు రాత్రి ఒక కాగితం తడిపి, ఒకటి పొడిది, మళ్లీ ఒకటి తడిది, ఇలా పేర్చి ప్లాస్టిక్ షీటులో చుట్టి పైన పలక బరువు పెట్టండి. తెల్లారేసరికి అన్నింటికీ తడి సమంగా పంచుకుంటుంది. వానాకాలంలో మూడు పొడి కాగితాలకి ఒక తడిది చాలు. ఆ కట్ట రెండో రోజుకి బూజు పడుతుంది, పని ఆగితే కట్టని అలాగే ఫ్రిజ్‌లో పెట్టేయండి, మళ్లీ తీశాక గంటసేపు బయట ఉంచి వాడండి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్న తొమ్మిదిలోపే అచ్చు ముగించాలి. ఫ్యాను ఆపండి, సముద్రం వైపు కిటికీ మూయండి. పలక మీద నీళ్లు బ్రష్షు వెనక్కి తిరిగేలోపే ఆరిపోతాయి, అందుకే వేసవిలో గీత ఎక్కువ. రంగులో రెండు చుక్కల గ్లిజరిన్ వేస్తే కొంచెం వ్యవధి దొరుకుతుంది. మూడు చుక్కలైతే ప్రింటు రోజుల తరబడి జిగటగా ఉంటుంది.

రుద్దేటప్పుడు బారెన్ (కాగితం వెనక నుంచి ఒత్తి రుద్దే గుండ్రటి బిళ్ల) ముందు ముదురు వైపు గట్టిగా, అడ్డంగా, చిన్న చిన్న వంకర్లుగా. లేత వైపుకి వచ్చేసరికి చేతి బరువే, అంతకు మించి వద్దు. ప్లైవుడ్ బిళ్ల మీద నైలాన్ తాడు చుట్ట అంటించి, పైన నున్నటి ప్లాస్టిక్ కట్టినా బారెన్‌గా పనిచేస్తుంది. దానికి కొబ్బరినూనె ఒక్క వేలిముద్రంత రాస్తే జారుతుంది, ఎక్కువైతే కాగితం వెనక మరక దిగుతుంది.

మూడు అచ్చులూ తడి ఆరకుండా వరసగా పడాలి. మొదటిది వేసి భోజనానికి లేస్తే కాగితం ఒక మిల్లీమీటరు కుంచించుకుపోతుంది, రెండోది గాడిలో కూర్చోదు. ఇరవై కాగితాలు పెట్టుకుంటే ఇరవైకీ మొదటి అచ్చు, వెంటనే ఇరవైకీ రెండోది. వేసినవి వేసినట్టు ప్లాస్టిక్ కింద దాచుకుంటూ రండి.